మా గూడెం కరెంటుకు సరిపోయే కంప్యూటర్

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. ఇంట్లోకో, గూడెంలో చదువుకునే పిల్లల కోసమో ఒక డెస్క్‌టాప్ పెట్టుకుందామనుకునే మనోళ్లు చాలామంది "ఏది కొనాలి, ఎంత అయితది" అని మమ్మల్ని అడుగుతున్నరు. మేము నలుగురం కలిసి మా గూడెంలో ఒకటి కట్టినం. పార్టులు విడివిడిగా కొని, మా చేతులతోనే బిగించినం. ఏ పార్టు ఎందుకు తీసుకున్నమో, ఏది ఎందుకు వద్దన్నమో అన్నీ ఒక్కచోట రాస్తున్నం. ఎవరికి పనికొస్తే వాళ్లు వాడుకోండి.

ముందు అవసరం ఎందుకు పడిందో చెప్తం. 2024లో మన తెలంగాణలో టెట్, డీఎస్సీ రెండూ కంప్యూటర్ మీదనే జరిగినయి. మా గూడెం నుంచి టెట్ రాసిన ముగ్గురు ఆడపిల్లల్లో ఇద్దరు మౌసు చేత పట్టింది ఆ పరీక్ష హాల్లోనే. జవాబులు తెల్వక కాదు. బాణం గుర్తు ఎటు పోతున్నదో చూసుకునే సరికే మొదటి పది నిమిషాలు పోయినయని చెప్పి ఏడ్చిండ్రు. ఫోన్లో ఎన్ని మాక్ టెస్టులు రాసినా వేలితో నొక్కే అలవాటే వస్తది గానీ మౌసు, కీబోర్డు అలవాటు రాదు. పట్నం పిల్లలకు ఇది అసలు సమస్యే కాదు. మన పిల్లలకు మాత్రం అక్కడ పోయే ప్రతి మార్కూ లెక్కే. అందుకే గూడెంలో ఒక కంప్యూటర్ ఉండాలని అనుకున్నం. అది కూడా నడిచేది, రోజూ నడిచేది.

మా నలుగురిలో ఒకరు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసిండు, ఒకరు డీఎడ్, ఇద్దరం డిగ్రీ. కంప్యూటర్ ఇంజనీర్లం ఎవరం కాదు. గూడెంలో నలభై ఇండ్లు. ఇంటికి ఐదు వందల చొప్పున ఇరవై వేలు వచ్చినయి. అందులో చాలావరకు తునికాకు డబ్బులే. యాభై ఆకులు ఏరి, పేర్చి, కడితే ఒక కట్ట. ఎండల్లో అట్ల కట్టలు కట్టి తెచ్చిన సొమ్ము అది. మేము తలా నాలుగు వేలు వేసినం. మొత్తం ముప్పై ఆరు వేలు. భద్రాచలం నుంచి హైదరాబాదుకు మూడు వందల కిలోమీటర్లకు పైనే. ఒక పార్టు ఇంకో పార్టుకు పొసగకపోతే మళ్లీ రాత్రి బస్సు, మళ్లీ టిక్కెట్లు, మళ్లీ ఆ దుకాణంలో బతిమాలుడు. పట్నంలో ఉండేటోడికి తప్పు పార్టు వస్తే సాయంత్రం పోయి మార్చుకుంటడు. మనకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి కొనకముందే అన్నీ కాగితం మీద సరిచూసుకోవాలి.

మేము లెక్క మొదలుపెట్టింది ప్రాసెసర్ దగ్గర కాదు, కరెంటు దగ్గర. దానికి కారణం ఉంది. మా పక్క గూడెంలో యువజన సంఘం వాళ్లకు ఎవరో దాత ఇచ్చిన కంప్యూటర్ ఒకటి ఉండేది. పొద్దున బాగానే నడిచేది. సాయంత్రం ఏడు దాటితే దానంతటదే ఆగిపోయేది, లేదా మళ్లీ మళ్లీ మొదలయ్యేది. వైరస్ అన్నరు, హార్డ్‌డిస్క్ పోయిందన్నరు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించిండ్రు. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు మల్టీమీటర్ పట్టుకొని సాయంత్రం ఏడున్నరకు ప్లగ్గులో వోల్టేజి చూస్తే 178 వచ్చింది. లోపలున్న ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ 200–240 వోల్టులు అని రాసి ఉంది. మన దేశంలో ఇంటికి రావాల్సింది 230. అన్ని ఇండ్లల్లో బల్బులు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారే పెట్టే సమయానికి లైను చివర ఉన్న మన గూడేలకు వచ్చేది ఎంతో మీకు తెలుసు. ఆ మిషన్‌లో వైరస్ లేదు. దానికి కావాల్సిన తిండి సాయంత్రం పూట అందలేదు, అంతే.

అందుకే మా మొదటి మాట ఇది. కొనకముందు వారం రోజులు మీ ఇంటి వోల్టేజి రాసుకోండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడూ తొమ్మిది మధ్య ఒకసారి. మూడు నాలుగు వందలకు మల్టీమీటర్ వస్తది. వాడటం తెల్వకపోతే తెలిసినోళ్లతోనే చూపించుకోండి, ప్లగ్గులో చేతులు పెట్టకండి. మాకు వారంలో తక్కువలో తక్కువ 172, ఎక్కువలో ఎక్కువ 248 వచ్చింది. ఈ రెండు అంకెలే మా కంప్యూటర్‌కు పునాది.

ఎస్‌ఎంపీఎస్ అంటే కరెంటును కంప్యూటర్‌కు కావాల్సినట్టు మార్చి పంచే డబ్బా. చాలామంది దీన్ని ఆఖర్న, మిగిలిన డబ్బులతో కొంటరు. లేకపోతే క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేది పెట్టుకుంటరు. దీని లేబుల్ మీద మూడు చూడాలి. ఒకటి, ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉందా, 200–240 అని ఉందా. మన ఊళ్లకు మొదటిదే కావాలి. రెండు, 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు. ప్రాసెసర్‌కు పోయేది ఈ లైనే. మేము చూసిన ఒక చవక డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలు, కింద చిన్నగా 12 వోల్టులకు 14 ఆంపియర్లు. పన్నెండును పద్నాలుగుతో గుణిస్తే 168 వాట్లే. మేము తీసుకున్న దాని మీద 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు. పేరుకు రెండూ 450 వే. మూడు, 80 ప్లస్ గుర్తు. అది ఉంటే కరెంటు వేడిగా మారి వృథా అయ్యేది తక్కువ.

దానికి తోడు యూపీఎస్. 600 వీఏ అని అమ్మేది సాధారణంగా 360 వాట్ల వరకు మోస్తది. మా కంప్యూటర్, మానిటర్ రెండూ కలిపినా అందులో సగం కూడా వాడవు. పెట్టె మీద ఇన్‌పుట్ 140–300 వోల్టులు అని ఉన్నదే ఏరుకున్నం. అంటే వోల్టేజి 172కు పడిపోయినా బ్యాటరీ మీదికి పోకుండా తనే పెంచి ఇస్తది. కరెంటు పోతే పావుగంట ఆగుతది. రాసేది దాచుకొని, పద్ధతిగా ఆపుకోవడానికి అది చాలు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌లతో పొసగవు. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారే క్షణంలో కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైతది. మేము తెచ్చినరోజే యూపీఎస్ స్విచ్ తీసి పదిసార్లు చూసినం. మీరు కూడా వాపసు ఇచ్చే గడువు ఉన్నప్పుడే చూసుకోండి.

ఎర్తింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇండ్లల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా మూడోదానికి వైరే ఉండదు. అట్లాంటి చోట కంప్యూటర్ ఇనుప పెట్టెను ముట్టుకుంటే జివ్వుమంటది. మేము గోడ పక్కన గుంత తవ్వి, ఇనుప పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, వైరు లాగినం. మా తమ్ముడికి పని వచ్చు కాబట్టి చేసిండు, మీరు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. పిల్లలు ముట్టుకునే వస్తువు, ఇందులో పీనాసితనం వద్దు.

ఇక ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్. ఈ మూడూ ఒక కుటుంబం. ఒకదాన్ని చూడకుండా ఇంకోదాన్ని కొనొద్దు. ప్రాసెసర్ కూర్చునే గద్దెను సాకెట్ అంటరు. ఏఎండీ వాళ్ల పాత సాకెట్ ఏఎం4, కొత్తది ఏఎం5. ఇంటెల్‌లో 12, 13, 14వ తరం ప్రాసెసర్లు ఎల్‌జీఏ1700 మీద కూర్చుంటయి. ఒక సాకెట్‌ది ఇంకో సాకెట్‌లో దిగదు. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 చూడటానికి ఒక్కలాగే ఉంటయి, రెండింటికీ 288 పిన్నులే, కానీ మధ్యలో గాటు వేరేచోట ఉంటది. బలవంతంగా నొక్కితే విరిగేది మన డబ్బే. ఏఎం4కు డీడీఆర్4, ఏఎం5కు డీడీఆర్5. ఎల్‌జీఏ1700కు మాత్రం బోర్డును బట్టి ఉంటది, కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. బోర్డు పేరు చివర చూసి అడగండి.

మేము తీసుకున్నది రైజెన్ 5 5600జీ. ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు, 65 వాట్ల రకం. అందులోనే గ్రాఫిక్స్ ఉంటది, వేరే కార్డు అక్కర్లేదు. దానితో పాటు కూలర్ కూడా పెట్టెలోనే వస్తది. 2021లో వచ్చిన మోడల్, అంత కొత్తది కాదు. పాతబడిన మోడల్ అయితే దాని లోపాలు ఈపాటికే బయటపడి, సర్దుకొని ఉంటయి. మాకు కావాల్సింది ఆటలు ఆడే వేగం కాదు, మధ్యలో ఆగిపోకుండా ఉండటం.

సికింద్రాబాదులో ఒక దుకాణంలో మాకు కొటేషన్ రాసిచ్చిండ్రు. పేరు చెప్పం, అవసరం లేదు. అందులో ప్రాసెసర్ రైజెన్ 5 5600 అని ఉంది. చివర జీ లేదు. "అదే అన్నా, ఇంకా ఫాస్టు, ధర కూడా తక్కువ" అన్నడు కౌంటర్ మీద ఉన్న పిల్లగాడు. జీ లేని 5600లో గ్రాఫిక్స్ ఉండదు. తెచ్చి బిగించి మానిటర్ పెడితే తెర నల్లగానే ఉంటది. గ్రాఫిక్స్ కార్డు కోసం మళ్లీ వేలు పెట్టాలి. ఇంటెల్‌లో కూడా ఇట్లాంటిదే. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఐ3 12100కు గ్రాఫిక్స్ ఉంటది, ఐ3 12100ఎఫ్‌కు ఉండదు. ఒక్క అక్షరం తేడా. మేము జీ గురించి అడిగేసరికి ఆ పిల్లగాడు లోపలికి పోయి వేరే కాగితం తెచ్చిండు. అప్పటిదాకా మమ్మల్ని "నువ్వు" అన్నోడు తర్వాత "మీరు" అన్నడు.

బోర్డు ఏ520 రకం, చిన్న సైజుది. 5600జీ కంటే ముందు తయారై గోదాములో ఉన్న బోర్డయితే అందులో పాత బయాస్ ఉంటది, ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. కంపెనీ వెబ్‌సైటులో బోర్డు పేరు కొట్టి, సపోర్టు పేజీలో మన ప్రాసెసర్ ఏ బయాస్ నుంచి నడుస్తదో చూసుకున్నం. దుకాణంలోనే అప్‌డేట్ చేయించి, అక్కడే ఆన్ చేసి చూపించమన్నం. మాకు ఒక పాఠశాల నుంచి పాత మానిటర్ ఉచితంగా వచ్చింది, దానికి వీజీఏ కేబులే ఉంది. అందుకే వెనక వీజీఏ పోర్టు ఉన్న బోర్డు ఏరుకున్నం. ఇది చూసుకోకపోతే మానిటర్ ఒకటి, బోర్డు ఒకటి అయ్యేది.

ర్యామ్ 16 జీబీ, అది కూడా 8 చొప్పున రెండు ముక్కలు, డీడీఆర్4 3200. ఒకే 16 పెడితే ఒక దారిలో పోతది, రెండు 8లు పెడితే రెండు దారుల్లో పోతది. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటది కాబట్టి ఈ తేడా కళ్లకు కనిపిస్తది. రెండూ ఒకే పెట్టెలో జతగా వచ్చినవే తీసుకోండి. వేర్వేరు కంపెనీలవి కలిపితే నడిస్తే నడుస్తయి, లేకపోతే ఎప్పుడు ఆగుతదో తెల్వదు. మేము కొన్నది 2025 జూన్‌లో. ఆ తర్వాత ఏడాది చివరికి ర్యామ్ ధరలు బాగా పెరిగినయి. ఇప్పుడు డబ్బులు చాలకపోతే ఒక 8 పెట్టి, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ, ఎం.2 రకం. ఇందులో కూడా రెండు జాతులున్నయి, ఎన్‌వీఎంఈ ఒకటి, సాటా ఒకటి. చూడటానికి రెండూ చిన్న పలకలే. కొన్ని బోర్డుల స్లాటు ఎన్‌వీఎంఈని మాత్రమే తీసుకుంటది. బోర్డు పుస్తకంలో రాసి ఉంటది, చూసుకోండి.

క్యాబినెట్ విషయంలో అద్దాలు, రంగు లైట్లు చూడలేదు. ముందు జాలీ, రెండు ఫ్యాన్లు, దుమ్ము ఆపే వలలు చూసినం. మాది ఎండాకాలం 45 డిగ్రీలు తాకే ప్రాంతం. ప్రాసెసర్ 95 డిగ్రీల వరకు ఓర్చుకుంటది గానీ దాన్ని అంతదాకా తీసుకపోవద్దు. వానాకాలం చీమలు, బల్లులు వెచ్చదనం కోసం లోపలికి దూరుతయి. ఖాళీ రంధ్రాలన్నీ సన్న వలతో మూసినం. బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టమన్నది మా అమ్మలు. అది కూడా పనిచేస్తున్నది.

"పాత ఆఫీసు కంప్యూటర్లు పది పన్నెండు వేలకు వస్తున్నయి కదా, ఇంత ఎందుకు" అని మా చిన్నాయన అడిగిండు. సరైన ప్రశ్నే. ఒక్కడు వాడుకోవడానికి అయితే తప్పేం లేదు. కానీ రెండు ఇబ్బందులున్నయి. ఆ పెద్ద కంపెనీల డబ్బాల్లో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, పిన్నులు వాళ్లవే వేరు. అది కాలిపోతే బయట దొరికే మామూలుది పట్టదు. మాకు భద్రాచలంలోనో కొత్తగూడెంలోనో దొరికే పార్టే కావాలి. రెండోది, విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న వాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. మేమైతే ఖర్చు లేకుండా లినక్స్ మింట్ వేసినం. మాక్ టెస్టులు బ్రౌజర్లోనే కదా, అన్నీ నడుస్తున్నయి. తెలుగు టైపింగు కూడా నేర్పుతున్నం.

బిగించడానికి ఒక పగలు పట్టింది. తేలికే. బోర్డు కింద ఇత్తడి మరలు సరైన చోట ఉన్నయా, 24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన 8 పిన్నులది పూర్తిగా దిగినయా, ర్యామ్ రెండు కొసలా టక్కుమన్నదా చూసుకోవాలి. ఆ తర్వాత చాలామంది చెయ్యని పని ఒకటుంది, పరీక్ష. రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపించినం. నాలుగు చుట్లలో ఒక్క తప్పు కూడా రాకూడదు. ఒక్కటి వచ్చినా ఆ ర్యామ్ వాపసే. తర్వాత ప్రాసెసర్ మీద రెండు గంటలు పూర్తి బరువు పెట్టి వేడి చూసినం, 78 దగ్గర ఆగింది. సాయంత్రం ఏడూ తొమ్మిది మధ్య కూడా అదే పరీక్ష పెట్టినం, ఎందుకంటే మా శత్రువు ఉండేది ఆ సమయంలోనే. ఈ పరీక్షలు మొదటి వారంలోనే చెయ్యాలి. వాపసు గడువు దాటినంక లోపం తెలిసినా లాభం లేదు.

ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం ఉంది. మన తాతల కాలంలో సంతకు చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు మోసుకపోతే తూకం షావుకారిది, ధర షావుకారిదే. ఆ దోపిడి తగ్గాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టిండ్రు. ఇప్పుడు మనం అమ్మేటోళ్లమే కాదు, కొనేటోళ్లం కూడా. "మీకు అర్థం కాదులే, మేము ఇచ్చేది తీసుకోండి" అనే మాట ఇప్పటికీ వినబడుతనే ఉంది. లేబుల్ మీద ఆంపియర్లు గుణించడం, పేరు చివర అక్షరం చదవడం, సపోర్టు పేజీ తెరిచి చూడటం పదో తరగతి పిల్లలు కూడా చెయ్యగలిగిన పనులే. నలభై ఇండ్ల సొమ్ము పట్టుకొని కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు మన తూకపు రాళ్లు మన దగ్గర ఉండాలి.

మా మిషన్ పక్కన ఒక నోటుబుక్కు పెట్టినం. ఎవరు ఎన్నింటికి కూర్చున్నరు, కరెంటు ఎన్నిసార్లు పోయింది, మిషన్ దానంతటది ఎప్పుడన్నా ఆగిందా అని రాస్తరు. ఇప్పటిదాకా ఆగింది రెండుసార్లు. ఒకసారి పిల్లలు కాలితో వైరు తన్నడం వల్ల, ఒకసారి యూపీఎస్ బ్యాటరీ అయిపోయి. పిడుగులు పడే రోజుల్లో ప్లగ్గు, నెట్ కేబులు రెండూ పీకేస్తున్నం. వానాకాలం చెమ్మ పట్టకుండా పని లేకపోయినా రోజూ అరగంట నడుపుతున్నం. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి, దానికి నెలకు ఇంటికి పది రూపాయలు పక్కన పెడుతున్నం. టెట్ రాసిన ముగ్గురిలో ఒకామె పొద్దున ఆరింటికే వచ్చి కూర్చుంటున్నది. ఇప్పుడు మౌసు వైపు చూడకుండానే రాస్తున్నది.

వచ్చే ఆదివారం పక్క గూడానికి పోతున్నం. వాళ్ల పాత మిషన్‌కు మంచి ఎస్‌ఎంపీఎస్, ఒక యూపీఎస్ పెడితే బతుకుతదేమో చూడాలి. మీ ఊళ్లో కూడా వోల్టేజి రాసుకొని, కొటేషన్ తీసుకొని ఇక్కడ పెట్టండి. కొనకముందు పెట్టండి. అందరం కలిసి చూద్దాం.